ఇంటి రక్షణకు షాట్‌గన్ తూటాలు ఎంచుకోవడం ఎలా?

షాట్‌గన్ తూటాను పెట్టె మీద రాతలు చూసి ఎంచుకోకూడదు. అది మీ తుపాకీలో, మీ ఇంట్లో ఉన్న దూరంలో ఎలా పనిచేస్తుందో కాగితం మీద చూశాకే ఎంచుకోవాలి. చూడాల్సినవి రెండు. తూటాలోని గుండ్లు ప్రమాదాన్ని ఆపేంత లోతుకు దిగాలి. బయటికి వెళ్లిన ప్రతి గుండూ గురి పెట్టిన చోటే తగలాలి. మొదటిదాని గురించి అందరూ మాట్లాడతారు. రెండోది వదిలేస్తే ఆ తప్పిపోయిన గుండు పక్క గదిలోని మనిషి దాకా వెళ్లొచ్చు.

1. బారెల్ మీద ఉన్న కొలతలు చదవండి

ముందుగా తుపాకీని ఖాళీ చేయండి. మ్యాగజైన్‌లోని తూటాలు తీసి, ఛాంబర్‌లోకి, అంటే తూటా కూర్చుని పేలే బారెల్ వెనుక భాగంలోకి, కంటితో చూసి, వేలు పెట్టి మరోసారి నిర్ధారించుకోండి. తరువాత బారెల్ పక్కన చెక్కిన గేజిని, ఛాంబర్ పొడవును రాసుకోండి.

గేజి అంకె తగ్గేకొద్దీ గొట్టం పెద్దది. గొట్టం లోపలి కొలతకు సరిపోయే సీసపు బంతులు ఎన్ని కలిస్తే ఒక పౌను, అంటే 454 గ్రాములు తూగుతాయో ఆ లెక్కే గేజి. 12 గేజి గొట్టం సుమారు 18.5 మి.మీ., 20 గేజి 15.6 మి.మీ. ఉంటుంది. 410 మాత్రం గేజి కాదు. అది అంగుళాల్లో గొట్టం కొలత, సుమారు 10.4 మి.మీ.

ఛాంబర్ పొడవు సాధారణంగా 2¾ అంగుళాలు (70 మి.మీ.) లేదా 3 అంగుళాలు (76 మి.మీ.) ఉంటుంది. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. తూటా పొడవును పేలిన తరువాత, మూతి మడత విచ్చుకున్న స్థితిలో కొలుస్తారు. అందుకే పేల్చని 3 అంగుళాల తూటా 2¾ ఛాంబర్‌లోకి హాయిగా దూరిపోతుంది. పేల్చినప్పుడు మడత విచ్చుకోవడానికి చోటు దొరకక లోపలి ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. పొడవు ఛాంబర్‌లో పొట్టి తూటా వాడటంలో మాత్రం ఈ ప్రమాదం లేదు.

ఇంట్లో 12, 20 గేజి తుపాకులు రెండూ ఉంటే తూటాలను వేర్వేరు చోట్ల పెట్టండి. 20 గేజి తూటా 12 గేజి ఛాంబర్ దాటి లోపలికి జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. తుపాకీ ఖాళీగా ఉందనుకుని వెనుక 12 గేజి తూటా పెట్టి పేలిస్తే బారెల్ పగిలిపోతుంది. 20 గేజి తూటాలను పసుపు రంగులో చేసేది ఈ ప్రమాదం తప్పించడానికే. పాతకాలపు తుపాకీ అయితే, ముఖ్యంగా బారెల్ మీద మెలికలు తిరిగిన డమాస్కస్ చారలు ఉంటే, తుపాకీ మెకానిక్‌కు చూపించకుండా ఈనాటి తూటా ఏదీ పెట్టకండి.

2. గుండు పరిమాణం ఎంచుకోండి

1986లో మయామీలో జరిగిన కాల్పుల తరువాత అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఒక కొలబద్ద పెట్టుకుంది. శరీర కండను పోలిన 10 శాతం జెలటిన్ దిమ్మలో గుండు కనీసం 12 అంగుళాలు దిగాలి, 18 దాటకూడదు. అంటే సుమారు 30 నుంచి 46 సెం.మీ. ఇంత లోతు ఎందుకంటే, ఎదుటి మనిషి తిన్నగా నిలబడి ఉండడు. పక్కకు తిరిగి ఉండొచ్చు, చేయి అడ్డం రావచ్చు, మందపాటి బట్టలు ఉండొచ్చు. వాటన్నిటినీ దాటి గుండు లోపలి కీలక భాగాలను చేరాలి.

బర్డ్‌షాట్, అంటే పక్షుల వేటకు వాడే సన్న గుండ్ల తూటా, ఈ పరీక్షలో నిలవదు. 7½ నంబరు గుండు 2.4 మి.మీ. మాత్రమే. 28 గ్రాముల తూటాలో ఇలాంటివి 350 దాకా పడతాయి. ఒక్కో గుండు అంత తేలిక కాబట్టి వేగం త్వరగా పోగొట్టుకుని జెలటిన్‌లో తక్కువ లోతులోనే ఆగిపోతుంది. దగ్గర నుంచి తగిలితే గాయం చూడటానికి భయంకరంగా ఉంటుంది, లోతు మాత్రం ఉండదు. పైగా ఒక గది దూరంలో అది కూడా జిప్సం బోర్డు గోడను చీల్చుకుని పోతుంది. కాబట్టి గోడ దాటదన్న నమ్మకంతో బర్డ్‌షాట్ ఎంచుకోవడం తప్పు లెక్క. దాన్ని సాధనకు ఉంచుకోండి.

స్లగ్ అంటే ఒకే పెద్ద సీసపు ముద్ద. 12 గేజిలో సాధారణంగా 28 గ్రాములు, సెకనుకు దాదాపు 490 మీటర్ల వేగం. ఇంట్లో అది గోడల వెంట గోడలు దాటుతుంది. విశాలమైన ఆరుబయట పెద్ద జంతువుల బెడద ఉన్నవాళ్లకు తప్ప దీని అవసరం లేదు.

ఇక మిగిలింది బక్‌షాట్, అంటే జింకల వంటి జంతువుల వేటకు వాడే పెద్ద గుండ్ల తూటా. ఇంటి రక్షణకు తగినది ఇదే. 2¾ అంగుళాల 12 గేజి తూటాల్లో మూడు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి.

డబుల్ ఆట్, అంటే 00: గుండు 8.4 మి.మీ., బరువు దాదాపు 3.5 గ్రాములు. తూటాకు 8 లేదా 9 గుండ్లు.

1 నంబరు: 7.6 మి.మీ., 2.6 గ్రాములు. పూర్తి తూటాలో 16 గుండ్లు. లోతు చాలినంత ఉంటుంది, గాయాల సంఖ్య ఎక్కువ. కానీ 16 గుండ్లు కలిపి 41 గ్రాములు దాటతాయి. 9 గుండ్ల డబుల్ ఆట్ 31 గ్రాముల దగ్గరే ఆగుతుంది. ఆ తేడా అంతా భుజం మీద పడుతుంది.

4 నంబరు: 6.1 మి.మీ., 1.3 గ్రాములు, 27 గుండ్లు. లోతులో 30 సెం.మీ. గీతకు అటూ ఇటూ ఊగుతుంది. కొన్ని కంపెనీల తూటాలు దాటతాయి, కొన్ని దాటవు.

12 గేజి ఉన్నవాళ్లు ముందు పరీక్షించాల్సింది 8 గుండ్ల, తక్కువ రికాయిల్ (కాల్చినప్పుడు భుజానికి తగిలే వెనక్కి తోపు) ఉన్న డబుల్ ఆట్. వేగం సెకనుకు 350 మీటర్ల దగ్గర ఉంటుంది. పూర్తి శక్తి తూటాలో ఇది 400 దాటుతుంది. ఇంటి దూరాలకు మొదటిది చాలు, రెండో దెబ్బకు గురి త్వరగా తిరిగి వస్తుంది. 9 గుండ్ల తూటాల్లో ఒక గుండు గుంపు వదిలి దూరంగా పోవడం తరచూ కనిపిస్తుంది. 8 గుండ్ల తూటాల్లో ఇది తక్కువ.

గుండ్లకు రాగి పూత ఉందా, వాటి మధ్య నలగకుండా కాపాడే పొడి నింపారా అనేది కూడా చూడండి. మందు పేలిన తోపుడుకు మెత్తటి సీసం నలిగి వంకరపోతుంది. వంకర గుండు తిన్నగా పోదు. గుండ్లను మోసే ప్లాస్టిక్ గిన్నె, అంటే వాడ్, ఇంకా ముఖ్యం. మామూలు వాడ్ రేకులు ముందునుంచి విచ్చుకుని గుండ్లను వెంటనే వదిలేస్తాయి. ఫెడరల్ కంపెనీ ఫ్లైట్‌కంట్రోల్ వాడ్ వెనుకవైపు రెక్కలతో వేగం తగ్గించుకుంటూ గుండ్లను కొంతదూరం పట్టి ఉంచుతుంది, అందుకే గుంపు చెదరదు. హోర్నడీ కంపెనీ వెర్సటైట్ వాడ్ కూడా ఇదే పనికి చేసింది.

20 గేజిలో 20 గుండ్ల 3 నంబరు బక్‌షాట్, గుండు సుమారు 6.4 మి.మీ., బాగా దొరుకుతుంది. 410లో అయితే ట్రిపుల్ ఆట్, 9.1 మి.మీ. గుండ్లు. 2½ అంగుళాల తూటాలో మూడు, నాలుగే ఉంటాయి కాబట్టి గురిలో పొరపాటుకు అస్సలు చోటులేదు.

మంట చిమ్మేవి, చిన్న ఉక్కు బాణాలు నింపినవి, రకరకాలు కలిపి కూర్చినవి పక్కన పెట్టండి. భయపెట్టడానికి మొదట రబ్బరు గుండు, తరువాత బక్‌షాట్ అని వరుస పేర్చడమూ వద్దు. దగ్గర్లో రబ్బరు గుండు ప్రాణం తీయగలదు, అయినా ఆపుతుందన్న హామీ లేదు. కంగారులో ఏ తూటా ఏ వరుసలో ఉందో ఎవరికీ గుర్తుండదు.

3. గోడల లెక్క తూటాతో తేలదు

మనిషిని ఆపగలిగి, జిప్సం బోర్డు గోడను మాత్రం దాటని తూటా లేదు. డబుల్ ఆట్ అలాంటి గోడలు కొన్నింటిని వరుసగా దాటుతుంది. ఇటుక, కాంక్రీటు ఆపుతాయి గానీ వాటి మధ్య తలుపులు, కిటికీలు ఉంటాయి, గట్టి ఉపరితలం మీద గుండు ఎగిరి పక్కకు పోవచ్చు. ఇంటి ప్లాను గీసి, ఎవరెక్కడ పడుకుంటారో గుర్తు పెట్టండి. మీరు నిలబడే చోటు నుంచి తలుపు వెనుక ఏముందో చూడండి. ఒక మంచం జరిపి నిలబడే కోణం మార్చడం, తూటా మార్చడం కంటే ఎక్కువ పని చేస్తుంది.

4. కాగితం మీద పరీక్షించండి

అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇది.

ఇంట్లో మీరు కాల్చవలసి రాగల అతి పొడవైన దూరాన్ని టేపుతో కొలవండి. మూడు నాలుగు రకాల తూటాలు చిన్న పెట్టెల్లో తెచ్చుకోండి. ఫైరింగ్ రేంజిలో 60 × 90 సెం.మీ. కాగితాలు కట్టి, ఆ దూరం నుంచి ఒక్కో రకం మూడుసార్లు కాల్చండి. ప్రతిసారీ కొత్త కాగితం పెట్టండి. దాని మీద తూటా పేరు, దూరం, చోక్ (బారెల్ మూతి దగ్గరి బిగువు) రాయండి.

చిల్లులు లెక్కపెట్టండి. 8 గుండ్లకు 8 చిల్లులు ఉండాల్సిందే. దగ్గర దూరంలో వాడ్ కూడా కాగితాన్ని చింపుతుంది, దాన్ని లెక్కలో కలపకండి. అన్నిటికన్నా దూరంగా ఉన్న రెండు చిల్లుల మధ్య కొలవండి. గుండ్లన్నీ 20 సెం.మీ. వలయంలో పడితే ఆ తూటా ఆ దూరానికి పనికొస్తుంది. ఒక్క గుండు బయట పడినా మరో రకం చూడండి. మూడింటిలో బాగా వచ్చిన కాగితాన్ని కాదు, చెడ్డగా వచ్చినదాన్ని నమ్మండి.

గజం దూరానికి అంగుళం వెడల్పు చెదురుతుందనే లెక్క ఉజ్జాయింపే. ఒకే కంపెనీ, ఒకే చోక్ ఉన్న రెండు తుపాకులు కూడా ఒకేలా కాల్చవు. బిగువు లేని సిలిండర్ లేదా కొద్దిపాటి బిగువున్న ఇంప్రూవ్డ్ సిలిండర్ చోక్‌తో మొదలుపెట్టండి. ఫ్లైట్‌కంట్రోల్ లాంటి తూటాలు బిగువైన చోక్‌లో ఒక్కోసారి మరింత చెదురుతాయి. గుంపు నడిమధ్య మీ గురిచుక్క మీద ఉందో, పైకో పక్కకో పోయిందో కూడా రాసుకోండి.

5. ఆగకుండా పేలుతుందో చూడండి

ఎంచుకున్న తూటాలు కనీసం 25 కాల్చండి. మ్యాగజైన్ నిండా నింపి కూడా చూడండి. సెమీ ఆటోమేటిక్‌కు తక్కువ రికాయిల్ తూటా శక్తి చాలక, ఖాళీ తూటాను బయటికి నెట్టలేకపోవచ్చు. అప్పుడు పూర్తి శక్తి తూటాకు మారాలి. పంప్ తుపాకీలో తప్పు తరచూ చేతిదే. బారెల్ కింద జరిగే చేపిడిని చివరిదాకా వెనక్కి లాగకపోతే కొత్త తూటా ఎక్కదు. 1¾ అంగుళాల పొట్టి తూటాలు ఎక్కువ సంఖ్యలో పట్టినా చాలా తుపాకుల్లో ఇరుక్కుంటాయి.

6. భద్రపరచడం

అదే లాట్ నంబరు (ఒకే విడతలో తయారైనవని చెప్పే అంకె) ఉన్న పెట్టెలు మీ లైసెన్సు అనుమతించినన్ని తెచ్చుకోండి, లాట్ మారితే రెండు కాగితాలు మళ్లీ కాల్చండి. గొట్టపు మ్యాగజైన్‌లో నెలల తరబడి స్ప్రింగు నొక్కుడుకు ప్లాస్టిక్ తూటా ఉబ్బవచ్చు. మూడు నెలలకోసారి తీసి చూడండి. నడుము ఉబ్బినవి, మూతి మడత విడినవి, అడుగు లోహం తుప్పు పట్టినవి తీసేయండి. ఒకే తూటాను పదేపదే ఛాంబర్‌లోకి ఎక్కించి తీస్తే దాని అంచు దెబ్బతింటుంది. తుపాకీ నూనె తూటాలకు అంటనీయకండి, అది ప్రైమర్‌లోకి, అంటే తూటా అడుగున మందును రగిలించే భాగంలోకి, ఇంకవచ్చు. సాధనకు తెచ్చిన బర్డ్‌షాట్ వేరే పెట్టెలో, వేరే అరలో ఉండాలి.

తుపాకీ, తూటాలు రెండూ పిల్లలకు అందని తాళం కింద, మీరు చీకట్లోనూ తెరవగలిగే పెట్టెలో ఉంచండి. చెవులకు పెట్టుకునే ఇయర్‌మఫ్‌లు కూడా అందులోనే పెట్టండి. షాట్‌గన్ చప్పుడు 150 డెసిబెల్స్ దాటుతుంది, మూసిన గదిలో ఒక్క దెబ్బతోనే వినికిడి శాశ్వతంగా పోవచ్చు.