కమిలిన దెబ్బకు ఆర్నికా: ఎప్పుడు, ఎంత, ఎలా

ఆర్నికా మోంటానా ఆల్ప్స్, పిరనీస్, కార్పాతియన్ కొండల పచ్చికబయళ్లలో, ఎరువు సోకని ఆమ్ల నేలల్లో పెరిగే మొక్క. చామంతి కుటుంబానిదే. వేసవిలో పూసే పసుపు-నారింజ పువ్వే మందు. యూరప్‌లో చాలాచోట్ల ఇది రక్షిత మొక్క, కాబట్టి అక్కడ ఉంటున్న మనవాళ్లు కొండమీద కోయకుండా మందుల షాపులో ఎండుపూలు కొనుక్కోవాలి.

మన ఊళ్లలో ఆర్నికా అంటే హోమియో తీపి గుళికలే గుర్తొస్తాయి. ఇక్కడ చెప్పేది వాటి సంగతి కాదు. వాటి మీద రాసే ‘30సి’ అంటే నూరో వంతు చొప్పున 30 సార్లు పలచన చేసినది. అందులో పువ్వు తాలూకు అణువు మిగలదు. చర్మం మీద పనిచేసేవి పువ్వులోని హెలెనాలిన్, దాని జాతి పదార్థాలు (లాక్టోన్లు). వాపును రేపే ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్‌ను అవి అడ్డుకుంటాయి. జెల్, ఆయింట్‌మెంట్ ట్యూబు వెనక ఆర్నికా టించర్ (పూలను ఆల్కహాల్‌లో నానబెట్టి తీసిన సారం) ఎంత శాతమో చదివి కొనండి. ఆయింట్‌మెంట్లలో సాధారణంగా 20-25 శాతం మించదు.

ఇవే పదార్థాలు కడుపులోకి వెళితే వాంతులు, విరేచనాలు అవుతాయి, గుండె లయ తప్పుతుంది. మదర్ టించర్ (హోమియో షాపుల్లో దొరికే, పలచన చేయని టించర్) తాగకండి, పూలతో టీ కాచుకోకండి. తెగిన, గీరుకుపోయిన చర్మం మీద, కంటి దగ్గర, నోటిలో రాయకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు డాక్టరును అడగకుండా వాడకూడదు.

వయ్యారిభామ తగిలితే దురద, దద్దుర్లు వచ్చేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. అదీ ఇదే కుటుంబం, దానిలోనూ ఇలాంటి లాక్టోన్లే ఉంటాయి. ఎవరైనా సరే మోచేతి లోపలివైపు రూపాయి బిళ్లంత మేర రాసి 48 గంటలు చూడాలి. ఈ అలర్జీ ఆలస్యంగా బయటపడుతుంది, గంటసేపు చూసి బాగుందనుకుంటే మోసపోతారు.

దెబ్బ తగిలిన మొదటి రోజు ఐసుదే. గుడ్డలో చుట్టి 10-15 నిమిషాలు, రోజుకు నాలుగైదుసార్లు పెట్టాలి. చితికిన సన్న రక్తనాళాలు ఇంకా కారుతుంటాయి కనుక ఆ రోజు మర్దన చేస్తే నలుపు పెద్దదవుతుంది. తర్వాత జెల్‌ను పలచగా, రుద్దకుండా, రోజుకు రెండు మూడుసార్లు పూయండి. పైన ప్లాస్టిక్ కాగితం చుట్టొద్దు, కాపడం పెట్టొద్దు. మందు ఎక్కువగా ఇంకి చర్మం పొక్కుతుంది.

మోకాలు, పిక్క లాంటి పెద్ద భాగానికి తడిపట్టు మేలు. 10 మి.లీ. టించర్‌కు 90 మి.లీ. కాచి చల్లార్చిన నీళ్లు కలపాలి. చర్మానికి పడితే నీళ్లు 30 మి.లీ. దాకా తగ్గించవచ్చు, అంతకంటే చిక్కగా వద్దు. నూలుగుడ్డ ముంచి పిండి 15-20 నిమిషాలు వేయండి. చర్మం మండితే వెంటనే తీసి కడిగేయాలి. పొక్కులు రావడానికి ఎక్కువగా కారణం నీళ్లు కలపని టించరే.

టించర్ లేకపోతే 2 గ్రాముల ఎండుపూలు 100 మి.లీ. మరిగిన నీళ్లలో 10 నిమిషాలు నానబెట్టి, పూర్తిగా చల్లారాక అలాగే పట్టు వేయవచ్చు. కాఫీ ఫిల్టర్ కాగితంలోనే వడకట్టాలి. పువ్వులోని సన్నటి నూగు గుడ్డలోంచి దిగి చర్మాన్ని గీరుతుంది. ఏ రోజుది ఆ రోజే పారబోయండి.

ఇంట్లో టించర్ పెట్టుకునేవాళ్లు 10 గ్రాముల ఎండుపూలకు 100 మి.లీ. 70 శాతం ఇథనాల్ పోసి, గాజు సీసాలో, చీకట్లో, రోజూ కదుపుతూ రెండు వారాలు ఉంచాలి. పచ్చిపూలు వేస్తే వాటి నీరు దిగి ఆల్కహాల్ శాతం పడిపోతుంది. సర్జికల్ స్పిరిట్ దీనికి పనికిరాదు.

నొప్పుల విషయంలో ఆశ ఎంతవరకు పెట్టుకోవాలి? 2007లో వచ్చిన ఒక పరిశోధనలో చేతివేళ్ల కీళ్లనొప్పి ఉన్న 204 మందికి 21 రోజులు రాస్తే, ఆర్నికా జెల్ ఐబూప్రోఫెన్ జెల్‌తో సమానంగా పనిచేసింది. జిమ్ తర్వాత కండరాలు పట్టేయడానికి మాత్రం ఫలితాలు నిలకడగా లేవు. 2010లో ఒక పరిశోధనలో పిక్కల నొప్పి 24 గంటల తర్వాత ఇంకా పెరిగింది. అందుకే కమిలిన చోటికి, కీళ్లకు వాడండి. వ్యాయామపు నొప్పికి విశ్రాంతి ఇవ్వండి.

తలకు దెబ్బ తగిలినా, కాలు మోపలేకపోయినా, దెబ్బ లేకుండానే ఒంటిమీద కమిలిన మచ్చలు వస్తున్నా, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందు వాడుతున్నా ట్యూబు పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్లండి.