వేటాడే బుష్ క్రికెట్‌ను గుర్తించడం ఎలా

బుష్ క్రికెట్లంటే టెట్టిగోనిడే కుటుంబానికి చెందిన పొడవు మీసాల మిడతలు. ముందుగా ఒక విషయం. ‘వేటాడే బుష్ క్రికెట్లు’ అన్నది వర్గీకరణలో ఒక గుంపు పేరు కాదు, బతికే తీరు. 8000కు పైగా జాతులున్న టెట్టిగోనిడే కుటుంబంలో వేట అలవాటు వేర్వేరు ఉపకుటుంబాల్లో కనిపిస్తుంది: సాజినే, లిస్ట్రోసెలిడినే, హెక్సాసెంట్రినే, మెకోనెమటినే. అందుకే ముందు కుటుంబాన్ని తేల్చుకుని, ఆ తర్వాతే వేట లక్షణాలు వెతకాలి.

కావలసినవి: 10 రెట్లు పెంచి చూపే భూతద్దం, మూత ఉన్న పారదర్శకమైన డబ్బా. పురుగును వెనక కాలు పట్టి ఎత్తకండి. తొడ మొదలు దగ్గర కాలు తెగిపోతుంది, పెద్ద పురుగుకు అది మళ్లీ మొలవదు. పెద్ద జాతులు రక్తం వచ్చేలా కరుస్తాయి కాబట్టి డబ్బానే దాని మీద బోర్లించి, కింద నుంచి అట్టముక్క జరపండి.

మీసాలు దారంలా సన్నగా, ఒంటికి సమానంగానో అంతకంటే పొడవుగానో ఉంటే అది ఎన్సిఫెరా ఉపక్రమం, అంటే కీచురాళ్లు, పొడవు మీసాల మిడతలు ఉండే గుంపు. ఇప్పుడు పాదం కణుపులు లెక్కపెట్టండి. కీచురాళ్లకు మూడు, టెట్టిగోనిడేకు నాలుగు. నాలుగున్నంత మాత్రాన సరిపోదు, వీటిని పోలిన గ్రిల్లాక్రిడిడే అనే వేరే కుటుంబానికీ నాలుగే. తేడా చెవిలో ఉంది: టెట్టిగోనిడేలో ముందు కాలి మోకాలికి కాస్త దిగువన, టిబియా (మోకాలి కింది కాలి భాగం) మొదట్లో గుంటలాగానో సన్నని చీలికలాగానో చెవి ఉంటుంది. గ్రిల్లాక్రిడిడేకు అది ఉండదు.

అసలు ఆధారం ముందు, నడిమి కాళ్లే. వాటిని అడుగు వైపు నుంచి చూడండి. టిబియా మీద రెండు వరుసల్లో పదునైన ముళ్లు ఉంటాయి. సాజినేకు చెందిన సాగా ప్రజాతిలో తొడ అడుగునా ముళ్లుంటాయి. లిస్ట్రోసెలిడినేలో ఇవి బాగా పొడవు, కాళ్లు దగ్గరికి తెస్తే ఎర చుట్టూ బుట్టలా మూసుకుంటాయి. దవడలను మాత్రం నమ్ముకోవద్దు. గట్టి గింజలు కొరికే శంఖుతల మిడతలకూ భారీ దవడలే ఉంటాయి, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

రెక్కలు పొట్టిగా ఉంటే పిల్ల పురుగా, పెద్దదా అని చూడండి. ఎదిగిన పిల్లల్లో వెనక రెక్కల మొగ్గ ముందు రెక్కల మొగ్గను కప్పేస్తుంది; పెద్దయ్యాక ముందు రెక్కలే పైకి వస్తాయి. పాడే మగవాటిలో సాధారణంగా ఎడమ ముందు రెక్క పైన ఉంటుంది, దాని అడుగున రంపపు గీతలు కనిపిస్తాయి. తోక చివర కత్తిలాంటి గుడ్లు పెట్టే అవయవం ఉంటే ఆడది.

1771లో ప్రకృతి శాస్త్రవేత్త పల్లాస్ వర్ణించిన సాగా పెడో అనే జాతికి రెక్కలు దాదాపు లేవు, ఆడవే మగతోడు లేకుండా సంతానం కంటాయి. అందుకని మగ దొరకలేదని గుర్తింపును అనుమానించక్కర్లేదు. యూరోపియన్ యూనియన్‌లో దానికి చట్టరక్షణ ఉంది కాబట్టి అక్కడ పట్టుకోకుండా పై నుంచి, పక్క నుంచి, ముందు కాలి అడుగు, తోక చివర కనిపించేలా నాలుగు ఫొటోలు తీసుకుంటే చాలు.