ఎలుక కాలేయం నుంచి గరుకు మైక్రోజోములను వేరుచేయడం

గరుకు అంతర్జీవద్రవ్యజాలాన్ని (రఫ్ ఎండోప్లాస్మిక్ రెటిక్యులం, కణంలోని పొరల వల) ఉన్నదున్నట్టుగా కణంలోంచి బయటికి తీయలేం. కణజాలాన్ని రుబ్బగానే అది తెగిపోతుంది, తెగిన ముక్కలు అంచులు మూసుకుని బుడగలవుతాయి. అవే మైక్రోజోములు. రైబోజోములు (ప్రోటీన్లను తయారుచేసే రేణువులు) మాత్రం బుడగ బయటివైపు అంటుకునే ఉంటాయి. వాటివల్లే ఇవి రైబోజోములు లేని నునుపు బుడగలకన్నా సాంద్రంగా ఉంటాయి. ఈ పద్ధతంతా ఆ తేడా మీదే నడుస్తుంది.

జంతు ప్రయోగాల నైతిక కమిటీ అనుమతి ముందే తీసుకోవాలి. ఎలుకకు ముందు రాత్రి మేత ఆపండి, నీళ్లు ఆపవద్దు. మేత ఆపకపోతే కాలేయంలోని గ్లైకోజెన్ (నిల్వ పిండిపదార్థం) చివర్లో గరుకు బుడగలతోపాటు అడుగున గాజుముద్దలా దిగుతుంది.

ఇక నుంచి ప్రతి పనీ 4 డిగ్రీల దగ్గరే. 10 గ్రాముల కాలేయాన్ని సన్నగా తరిగి, 40 మి.లీ. చల్లని 0.25 మోలార్ సుక్రోజ్‌లో (లీటరుకు 85.6 గ్రా.) గాజు-టెఫ్లాన్ హోమోజినైజర్‌తో నాలుగైదు సార్లు రుబ్బితే చాలు. ఎక్కువ రుబ్బితే మైటోకాండ్రియా, లైసోజోములు పగిలి సరుకంతా పాడవుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో 700 g (భూమ్యాకర్షణకు 700 రెట్లు) దగ్గర 10 నిమిషాలు తిప్పితే కేంద్రకాలు దిగుతాయి. పైద్రవాన్ని 12,000 g దగ్గర 10 నిమిషాలు తిప్పితే మైటోకాండ్రియా దిగుతాయి. వాటిని చుట్టుకుని కొంత గరుకు జాలం కూడా పోతుంది. ఆ నష్టం తప్పదు.

మిగిలిన పైద్రవంలో ప్రతి మి.లీ.కి 1 మోలార్ సీజియం క్లోరైడ్ 15 మైక్రోలీటర్లు కలపండి. సీజియం రైబోజోములున్న బుడగలను గుమిగూడేలా చేస్తుంది. దీన్ని 15 మిల్లీమోలార్ సీజియం క్లోరైడ్ ఉన్న 1.3 మోలార్ సుక్రోజ్ (లీటరుకు 445 గ్రా.) మీద పొర చెదరకుండా నెమ్మదిగా పోసి, 105,000 g దగ్గర 2 గంటలు తిప్పాలి. గరుకువి అడుగుకు చేరతాయి, నునుపువి పొరల సరిహద్దులో ఆగుతాయి.

ఈడీటీఏ (లోహ అయాన్లను పట్టేసుకునే రసాయనం) మాత్రం ఎక్కడా పడకూడదు. అది మెగ్నీషియంను లాగేసుకుంటే రైబోజోములు ఉపప్రమాణాలుగా (చిన్న, పెద్ద భాగాలుగా) విడిపోయి రాలిపోతాయి. గరుకువి పైనే ఆగిపోతాయి.

వచ్చినవి గరుకువేనా అని పరీక్షించేటప్పుడు గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ (అంతర్జీవద్రవ్యజాలపు ఎంజైమ్) ఒక్కటే చూసి తృప్తి పడకండి, అది రెండు రకాల్లోనూ ఉంటుంది. ఆర్ఎన్ఏ-ప్రోటీన్ నిష్పత్తి నునుపు భాగంలోకన్నా స్పష్టంగా ఎక్కువుండాలి. సక్సినేట్ డీహైడ్రోజినేజ్ (మైటోకాండ్రియాలో ఉండే ఎంజైమ్) కనిపిస్తే మైటోకాండ్రియా కలిసిందన్నమాట. మళ్లీ చేసేటప్పుడు 12,000 g మెట్టును రెండుసార్లు చేయండి.