లఘుచిత్రానికి సంగీతం – 5వ పాఠం: మొదటి దెబ్బ సున్న దగ్గర పడుతుంది

గత పాఠంలో అభ్యాసానికి ఇచ్చిన దృశ్యాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. చిత్తూరు దగ్గరి పల్లెలో ధర్మరాజుల గుడి ముందు మహాభారత ఉత్సవాల్లోని దుర్యోధన వధ, నిప్పుల గుండం ముగిసిన మర్నాడు, వీధినాటకానికి హార్మోనియం వాయించిన పెద్దాయన ఖాళీ పందిట్లో ఒంటరిగా కూర్చుని, తలెత్తి ఒకసారి చుట్టూ చూసి, చివరకు పెట్టె మూత మూస్తాడు. ఆయన తలెత్తిన చోట సంగీతం మొదలుపెట్టి, మూత పడిన ఫ్రేము మీద మృదంగం మీద ఒకే ఒక గట్టి దెబ్బ వేయమన్నాను. వచ్చిన అభ్యాసాల్లో ఎక్కువ వాటిలో మూత ఇంకా గాలిలో ఉండగానే మృదంగం మోగింది. రాగాలు బాగున్నాయి, ఒకరిద్దరు ముఖారిని ఎంతో మనసు పెట్టి వాడారు, అయినా ఆ ఒక్క దెబ్బ ముందే పడడంతో పెద్దాయన దుఃఖాన్ని మనం ఆయనకంటే ముందే ప్రకటించినట్టయింది. అందుచేత ఈసారి చెప్పదలచుకున్న వాయిద్యాల ఎంపికను వాయిదా వేసి, ఈ పొరపాటు ఎక్కడ జరిగిందో పూర్తిగా చూద్దాం.

లెక్క ఇది. చిత్రం క్షణానికి, అంటే సెకనుకు, 24 ఫ్రేములు, నిమిషానికి 1440. నిమిషానికి 72 దెబ్బల వేగం తీసుకున్నాం గనుక, 1440ని 72తో భాగిస్తే దెబ్బకూ దెబ్బకూ మధ్య 20 ఫ్రేములు వస్తాయి. తలెత్తిన చోటి నుంచి మూత పడే చోటికి 28 క్షణాల 8 ఫ్రేములు, అంటే 680 ఫ్రేములు. 680ని 20తో భాగిస్తే 34. ఇంతవరకు అందరూ సరిగానే చేశారు. ఆ తరువాత 34వ దెబ్బ మీద మృదంగం వేశారు. వేయవలసింది 35వ దెబ్బ మీద.

ఎందుకంటే 34 అనేది దెబ్బల సంఖ్య కాదు, దెబ్బల మధ్య ఉన్న ఎడాల సంఖ్య. మొదటి దెబ్బ పడేసరికి కాలం ఇంకా ఏమీ గడవలేదు, అది సున్నా ఫ్రేము దగ్గర పడుతుంది. రెండవ దెబ్బ 20వ ఫ్రేము దగ్గర, మూడవది 40వ ఫ్రేము దగ్గర పడతాయి. ఈ వరుసలో 34వ దెబ్బ 660వ ఫ్రేము దగ్గరే పడిపోతుంది, అంటే మూత కంటే 20 ఫ్రేములు ముందు. ఇరవై ఫ్రేములంటే చిన్న తేడా అనుకోకండి, అది ముప్పాతిక క్షణం దాటిన కాలం. మన జిల్లా రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. వంద మీటర్ల వరుసలో పది మీటర్లకొక మామిడి మొక్క నాటాలంటే ఎడాలు పదే అయినా మొక్కలు పదకొండు కొంటాడు.

ఈ పొరపాటు చేసిన వారిలో కర్ణాటక సంగీతం నేర్చుకున్నవారే ఎక్కువగా ఉండడం నన్ను బాధించింది, ఎందుకంటే దీనికి జవాబు వారి చేతిలోనే ఉంది. ఎనిమిది అక్షరాల (లెక్కల) ఆదితాళం వేస్తూ ఎనిమిదవ క్రియ, అంటే ఎనిమిదవ చేతి కదలిక, చేసినప్పుడు ఆవర్తనం, అంటే తాళంలో ఒక చుట్టు, పూర్తయిందా? కాలేదు. ఆ ఎనిమిదవ అక్షరం గడిచి, అరచేయి మళ్ళీ తొడ మీద పడిన క్షణంలోనే, అంటే తరువాతి సమం (చుట్టు మొదలయ్యే దెబ్బ) దగ్గరే, ఎనిమిది అక్షరాల కాలం నిండుతుంది. పాడేటప్పుడు ఎన్నడూ తప్పని ఈ విషయం కాగితం మీదికి రాగానే తప్పుతోంది. నేను ఇప్పటికీ మొదటి దెబ్బకు వేలు ఆనించి ‘సున్న’ అని పైకి అనే లెక్క మొదలుపెడతాను. అలా అంటే 34 దగ్గర వేయవలసిన దెబ్బ 34 దగ్గరే పడుతుంది, ఒకటి కలపాలా వద్దా అన్న సందేహమే రాదు.

ఇప్పుడు ఇంకో సంగతి. దెబ్బకొక అక్షరం చొప్పున ఆదితాళంలో 35వ దెబ్బ అంటే నాలుగు ఆవర్తనాలు గడిచి, ఐదవ ఆవర్తనంలో మూడవ అక్షరం. కథలోని ముగింపు అక్కడ పడితే వినేవారికి అది ముగింపుగా తోచదు, సమం మీద పడితేనే తోస్తుంది. దానికి రెండు దారులున్నాయి. 680 ఫ్రేములను 32 ఎడాలుగా పంచి, ఎడానికి 21.25 ఫ్రేములు చొప్పున వేగాన్ని సుమారు 67.8కి తగ్గించవచ్చు. లేదా వేగాన్ని కదపకుండా, సంగీతాన్ని రెండు దెబ్బలు, అంటే 40 ఫ్రేములు ఆలస్యంగా మొదలుపెట్టవచ్చు. నేను ఎప్పుడూ రెండవ దారినే ఎంచుకుంటాను. పెద్దాయన తలెత్తిన తరువాత ఒకటిన్నర క్షణానికి పైగా మిగిలే నిశ్శబ్దం ఆ దృశ్యానికి మేలే చేస్తుంది, పైగా నటుడి ముఖానికి కుదిరిన వేగాన్ని అంకెల కోసం మార్చడం నాకు ఇష్టం ఉండదు.

ఒకరిద్దరి లెక్క సరిగా ఉండి కూడా దెబ్బ ముందే పడింది. వారి సాఫ్ట్‌వేర్‌లో ప్రాజెక్టు 25 ఫ్రేములకు అమర్చి ఉంది. అక్కడ 680 ఫ్రేములు 27.2 క్షణాల్లోనే అయిపోతాయి. పని మొదలుపెట్టే ముందే ఎడిటర్‌ను అడిగి ఈ అంకెను కాగితం మీద రాసుకోండి.

మృదంగానికి బదులు వయొలిన్ వాడినవారు గమనించవలసినది ఒకటుంది. మృదంగం నాదం తాకిన క్షణంలోనే పూర్తిగా వినబడుతుంది, కమాను మాత్రం తీగ మీద పట్టు దొరికించుకోవడానికి కొంత కాలం తీసుకుంటుంది. మెల్లగా ఎత్తుకునే స్వరమైతే రెండు మూడు ఫ్రేములు ముందుగానే మొదలయ్యేలా జరిపి, తెర మీద చూసి చెవితో నిర్ణయించుకోండి.

అయితే కదలిక కనబడిన ప్రతిచోటా దెబ్బ వేయాలని నేను చెప్పడం లేదు. అలిపిరి మెట్లెక్కే తల్లి దృశ్యానికి ఒకరు ఆమె ప్రతి అడుగుకూ ఒక దెబ్బ వేశారు. అలసిన మనిషి అడుగులు తాళంలో పడవు, ఆ తడబాటులోనే ఆమె అలసట కనబడుతుంది. ఆమె మోకాలి మీద చేయి వేసుకుని ఆగిన చోటు ఒక్కటి తాకితే చాలు, మెట్ల మీది అడుగులను వాటి చప్పుడుకే వదిలేయండి.

అభ్యాసం: సంగీతం మొదలైన 41 క్షణాల 16 ఫ్రేములకు తాకవలసిన ఫ్రేము వస్తుంది, చిత్రం 24 ఫ్రేములది. సాఫ్ట్‌వేర్ తెరవకుండా కాగితం మీదనే చేయండి. నిమిషానికి 72 దెబ్బల వేగంలో అది ఎన్నవ దెబ్బో, ఆదితాళంలో ఏ ఆవర్తనంలో ఏ అక్షరమో రాయండి. మొదలును కదపకుండా అదే ఆదితాళంలో సమం మీదికి తెచ్చే వేగం ఒకటి కనుక్కోండి. తరువాత 72 వేగానికే తిరిగి వచ్చి, ఏడు అక్షరాల మిశ్రచాపు తాళంలో అది సమం మీద పడాలంటే సంగీతాన్ని ఎన్ని ఫ్రేములు ఆలస్యంగా మొదలుపెట్టాలో తేల్చండి. ఈ మూడూ కుదిరాక, ఆ మిశ్రచాపు లెక్కకు మాటలు లేని నలభై క్షణాల సంగీతం కట్టి, ఒకే వాయిద్యంతో రికార్డు చేసి, పక్కన కాగితం ఫొటో కూడా పెట్టి పంపండి.