పర్యావరణం కోసం ఇంట్లో ఏం మార్చాలి? ముందు పెద్ద ఖర్చులు చూసుకోండి

పర్యావరణం కోసం ఏదైనా చేద్దామనుకున్న వాళ్లలో చాలామంది మొదట చేసే పని ఏదో ఒకటి కొనడం. స్టీలు స్ట్రా, వెదురు బ్రష్, గుడ్డ సంచి, గాజు సీసాలు. ఉద్దేశం మంచిదే. కానీ ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు ఇంకా బాగానే ఉండగా వాటిని పారేసి కొత్తవి తెచ్చుకుంటే చెత్త పెరుగుతుందే తప్ప తగ్గదు. అందుకే నా మాట వినండి, మీ ఇంట్లో కరెంటు, నీళ్లు, తిండి, వస్తువులు ఎక్కడ ఎక్కువగా పోతున్నాయో ముందు అది పట్టుకోండి, చిన్నచిన్నవి తర్వాత చూసుకోవచ్చు.

కరెంటు సంగతి చూద్దాం. 15 లీటర్ల బకెట్ నీళ్లను 25 డిగ్రీల మేర వేడెక్కించాలంటే దాదాపు 0.44 యూనిట్లు కావాలి. అదే కరెంటుతో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు రెండు రోజులు ఆపకుండా వెలుగుతుంది. ఫోన్ లేకుండా ప్లగ్గులో వదిలేసిన ఈ కాలపు చార్జర్ సాధారణంగా 0.1 వాట్ కూడా తీసుకోదు, అంటే ఏడాదంతా అలాగే ఉన్నా ఒక యూనిట్ లోపే, రెండు బకెట్ల వేడినీళ్లకు సమానం. చార్జర్ తీసేయొద్దని అనడం లేదు. కానీ రోజూ చార్జర్ తీసేస్తూ గీజర్‌ని పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆన్‌లో ఉంచితే మాత్రం మనం చూడాల్సిన చోట చూడనట్టే. స్నానానికి కాస్త ముందు వేయండి, అయిపోగానే ఆపేయండి. బట్టలు మామూలు నీళ్లతోనే ఉతకండి, ఎందుకంటే వేడినీళ్ల మోడ్‌లో మిషన్ తీసుకునే కరెంటులో ఎక్కువ భాగం నీళ్లు కాగడానికే పోతుంది. గిన్నె మీద మూత పెట్టి వండండి. పప్పులు, గింజలు ముందే నానబెట్టుకుంటే పొయ్యి మీద ఉండే సమయం బాగా తగ్గుతుంది.

ఏసీ ఉంటే దాన్ని కాస్త ఎక్కువ డిగ్రీల మీద పెట్టి ఫ్యాన్ కూడా వేసుకోండి, ఫ్యాన్‌కి అయ్యే కరెంటు ఏసీతో పోలిస్తే చాలా తక్కువ. ఫిల్టర్ కడుక్కోవడం అందరూ చెప్పేదే. దాదాపు ఎవరూ చెప్పనిది ఇంకోటుంది, గ్యాస్ లీకు. చాలా ఏసీల్లో వాడే ఆర్-410ఏ అనే గ్యాస్ ఒక్క కిలో గాల్లో కలిస్తే వందేళ్ల లెక్కలో దాదాపు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ కలిసినంత వేడి పెంచుతుంది. కొత్తవాటిలో వచ్చే ఆర్-32 కొంత నయం, దాని ప్రభావం ఇందులో మూడో వంతు దాకా ఉంటుంది. గ్యాస్ దానంతటదే తరిగిపోయేది కాదు. మళ్లీ పట్టించాల్సి వచ్చిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. అందుకని మెకానిక్ వచ్చినప్పుడు ముందు లీకు వెతికి మూసి, ఆ తర్వాతే గ్యాస్ నింపమని గట్టిగా అడగండి. ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు. పాత ఏసీ తీసేసేటప్పుడు కూడా లోపలి గ్యాస్‌ని గాల్లోకి వదిలేయకుండా సిలిండర్లోకి పట్టుకుంటారో లేదో కనుక్కోండి.

ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు, ఫ్రీజర్ మైనస్ 18 ఉంటే చాలు. తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగి చూడండి, తేలిగ్గా జారి వచ్చేస్తే రబ్బరు అరిగిపోయినట్టు, దాన్ని మార్పించుకోండి.

ఇక తిండి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో 60 శాతం ఇళ్లలోనే. హోటళ్లు, పెళ్లిళ్లు కారణమని మనం అనుకుంటాం కానీ ఎక్కువ పోయేది మన వంటింట్లోనే. పారేసిన తిండి చెత్త కుప్పల అడుగున గాలి తగలక కుళ్లి మీథేన్ పుట్టిస్తుంది, అది ఇరవై ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు ఎక్కువ వేడి పెంచే వాయువు.

దీనికి నేను చేసి చూసిన పద్ధతి ఇది. ఒక వారం పాటు ఏది పారేసినా, ఎంత పారేసినా, ఎందుకు పారేశారో కూడా ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. వారం తిరిగేసరికి మీకే తెలిసిపోతుంది, మా ఇంట్లో అయితే ఆకుకూరలూ, మిగిలిన అన్నమూ, ఈ రెండే మళ్లీమళ్లీ కనిపించాయి. ఆ రెండూ తగ్గించి తెచ్చుకోవడం, తగ్గించి వండుకోవడం మొదలుపెట్టాక చెత్త డబ్బా బరువు తేడా చేతికే తెలిసింది. ఫ్రిజ్‌లో కంటికి ఎదురుగా ఉండే అరలో ఒక డబ్బా పెట్టి, త్వరగా పాడయ్యేవన్నీ అందులో వేయండి. ప్యాకెట్ మీద 'బెస్ట్ బిఫోర్' అని ఉంటే ఆ తేదీ దాటాక రుచో, కరకరో తగ్గొచ్చు గానీ వెంటనే పారేయాల్సిన పనిలేదు, 'యూజ్ బై' అని ఉంటే మాత్రం ఆ తేదీని ఖచ్చితంగా పాటించండి.

ఎంత జాగ్రత్తపడ్డా తొక్కలు, కాడలు మిగులుతాయి. వాటిని కంపోస్టు చేసుకోండి, దీనికి పెరడు కూడా అక్కర్లేదు. మూత ఉన్న ఏదైనా పాత బకెట్‌కి పక్కలా అడుగునా చిల్లులు పెట్టండి, కింద ఒక పళ్లెం ఉంచండి. అడుగున ఎండుటాకులు మందంగా పరచి, రోజూ తడి చెత్త ఒక వంతు వేస్తే దాని మీద ఎండుటాకులో చింపిన అట్టముక్కలో రెండు వంతులు వేయండి. నేను మొదటిసారి చేసినప్పుడు ఆకులు వేయకుండా తొక్కలే వేసుకుంటూ పోయాను, పది రోజుల్లో వంటింట్లో నిలబడలేనంత వాసన వచ్చింది. వాసన వచ్చిందంటే తడి ఎక్కువైంది, లోపలికి గాలి ఆడటం లేదు. ఎండుటాకులు కలిపి బాగా తిరగెయ్యండి, రెండు రోజుల్లో సర్దుకుంటుంది. చీమలు పట్టాయంటే మరీ పొడిగా ఉన్నట్టు, కాసిని నీళ్లు చల్లండి. గుప్పెట్లో పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, అంత తడి సరిపోతుంది. లావుపాటి తెల్లటి పురుగులు కనిపిస్తే భయపడి మొత్తం పారేయకండి, అవి చాలావరకు బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు, మనకి హాని చేయవు, చెత్తని మనకంటే త్వరగా ముగిస్తాయి. మాంసం, నూనె ఎక్కువగా ఉన్న కూరలు మొదట్లో వేయకండి. మూడు నాలుగు రోజులకోసారి తిరగేస్తూ ఉంటే రెండు మూడు నెలల్లో నల్లగా, వాన పడ్డ మట్టి వాసనతో తయారవుతుంది.

ఏం తింటున్నామన్నది కూడా లెక్కలోకి వస్తుంది. తిండి ఎంత దూరం నుంచి వచ్చిందన్న దానికంటే, విమానంలో వచ్చినవాటిని పక్కన పెడితే, అది ఏమిటన్నదే ఎక్కువ ముఖ్యం. పశుమాంసం బదులు పప్పుధాన్యాలు తిన్న ప్రతి పూటా తేడా ఉంటుంది.

సంచుల గురించి అందరూ అడుగుతారు కాబట్టి చెప్తున్నా. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో వేసిన లెక్కలో, ఒక్కసారి వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ సంచి కంటే నూలు సంచి వాతావరణానికి మేలు కావాలంటే దాన్ని 131 సార్లు వాడాలని తేలింది. అంటే నూలు సంచి చెడ్డదని కాదు, ఒకటే ఉంచుకుని చిరిగేదాకా వాడాలి. ఎక్కడికి వెళ్లినా ఉచితంగా ఇస్తున్నారని ఇంకోటి తీసుకుంటూ పోతే ఇంట్లో ఇరవై పోగవుతాయి, వాటిలో ఒక్కటీ 131కి చేరదు.

బట్టలకీ అంతే, ఎక్కువ భారం తయారీలోనే ఉంటుంది. గుండీ ఊడితే కుట్టుకోండి, కుట్టు విడితే దర్జీకి ఇవ్వండి. పాలిస్టర్ లాంటివి ఉతికినప్పుడల్లా కంటికి కనిపించని ప్లాస్టిక్ పోగులు నీళ్లలోకి వదులుతాయి, కాబట్టి వాటిని అవసరమైనప్పుడే, మిషన్ నిండా వేసి ఉతకండి, ఎండలో ఆరేయండి.

కారే కుళాయి ఉంటే ఈ వారమే బాగుచేయించండి. సెకనుకో చుక్క చొప్పున రోజుకి ఇరవై లీటర్లకు పైగా పోతాయి, చాలాసార్లు లోపలి వాషర్ మారిస్తే సరిపోతుంది.

చివరగా ఫోన్లు. ఒక ఫోన్ జీవితకాలంలో పర్యావరణానికి కలిగే నష్టంలో ఎక్కువ భాగం అది మన చేతికి రాకముందే జరిగిపోతుంది, కాబట్టి ఇంకో రెండేళ్లు వాడటమే మనం చేయగలిగిన పెద్ద పని. స్లో అయిందనిపిస్తే ముందు స్టోరేజీ ఖాళీ చేసి చూడండి, చార్జింగ్ నిలవకపోతే బ్యాటరీ మార్పించండి. 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైతే అందులో సరిగ్గా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమే, మిగతాదానికి సరైన లెక్కే లేదు. మీ డ్రాయర్లోని పాత ఫోన్లు, కేబుళ్లు, బ్యాటరీలు తీసి ఈ-వేస్ట్ సేకరించే చోట ఇవ్వండి. లిథియం బ్యాటరీని మామూలు చెత్తలో వేస్తే లారీలో నలిగి మంటలు రేగొచ్చు, విడి బ్యాటరీలైతే కొసలకి టేప్ అంటించి ఇవ్వండి. ఉబ్బిన బ్యాటరీని అసలు నొక్కొద్దు, గుచ్చొద్దు, చార్జింగ్ పెట్టొద్దు. మంట అంటుకునే వస్తువులకి దూరంగా ఉంచి, వీలైనంత త్వరగా తీసుకెళ్లి ఇచ్చేయండి.