హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వాడేవాళ్లు పంటి వైద్యం చేయించుకోవడం ఎలా?

హెచ్‌ఐవీ ఉన్నా పన్ను తీయడం, పుచ్చు నింపడం అందరికీ చేసినట్టే చేస్తారు. చిక్కు వచ్చేది రెండుచోట్ల. నోట్లో మొదలైన జబ్బును ఆలస్యంగా గుర్తించడం ఒకటి, పంటికి రాసిన మాత్రలు ఏఆర్‌టీ మాత్రలతో పడకపోవడం రెండోది.

1. వారానికోసారి నోరు చూసుకోండి

అద్దం ముందు ఫోన్ టార్చి వేసుకుని బుగ్గల లోపలివైపు, అంగిలి, నాలుక రెండు అంచులు, చిగుళ్లు చూడండి. విరిగిన పెరుగులాంటి తెలుపు గుడ్డతో తుడిస్తే ఊడి, కింద ఎర్రగా కనిపిస్తే అది చాలావరకు క్యాండిడా ఫంగస్. నాలుక అంచున గీతలు గీతలుగా ఉండి, ఎంత తుడిచినా పోని తెలుపు వేరే జబ్బు. పళ్ల మొదళ్ల వెంట ఎర్రటి గీత, ఊదారంగు మచ్చ, రెండు వారాలైనా మానని పుండు... ఇవి ‘వేడి చేసింది’ అని మజ్జిగ తాగి ఊరుకునేవి కావు. ముందు ఏఆర్‌టీ సెంటర్లో చూపించండి. మందులు వాడుతున్నా ఫంగస్ తిరగబెడుతుంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష గురించి మీరే అడగండి.

2. రోజూ

మెత్తటి బ్రష్, శనగగింజంత ఫ్లోరైడ్ పేస్ట్, రెండు పూటలా రెండేసి నిమిషాలు. బొగ్గు, ఇటుకపొడి వద్దు. గుట్కా, ఖైనీ మానకపోతే మిగతా జాగ్రత్తల వల్ల ఒరిగేది తక్కువ. క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం మౌత్‌వాష్ రాస్తే 10 మి.లీ. చొప్పున నిమిషం పుక్కిలించండి. తోముకున్న అరగంట తర్వాతే వాడాలి, పేస్టులోని నురుగు పదార్థం దాని పనిని తగ్గిస్తుంది. రెండు వారాలు మించితే పళ్లకు మరకలు పడతాయి.

3. డాక్టర్ దగ్గరికి

గుంటూరులో ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్), విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నాయి. ఏఆర్‌టీ సెంటర్ డాక్టరుతో రిఫరల్ చీటీ రాయించుకోండి. ఏఆర్‌టీ పుస్తకం, మాత్రల డబ్బా, కొత్త రక్తపరీక్ష రిపోర్టు వెంట ఉండాలి. ప్లేట్‌లెట్లు 50,000 కన్నా తక్కువుంటే రక్తస్రావం భయం, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు 500 లోపుంటే ఇన్‌ఫెక్షన్ భయం. సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) తక్కువుందన్న ఒక్క కారణంతో పన్ను తీయడం ఆపక్కర్లేదు.

హెచ్‌ఐవీ సంగతి చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదు. అయినా డాక్టరుకు చెప్పడమే మీకు లాభం. ఎందుకో 4లో ఉంది. చెప్పారని వైద్యం నిరాకరిస్తే అది 2017 నాటి హెచ్‌ఐవీ చట్టానికి విరుద్ధం. ఈ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఫిర్యాదు చేస్తే రాష్ట్ర అంబుడ్స్‌మన్ (ఈ ఫిర్యాదులు విచారించే అధికారి) 30 రోజుల్లో తేల్చాలి, అత్యవసరమైతే వీలైనంతవరకు 24 గంటల్లో. దారి తెలియకపోతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి. మీ వంతును చివరికి నెట్టడానికీ కారణం లేదు, ఎవరికి వాడిన పరికరమైనా ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లోకి వెళ్లాల్సిందే.

4. మాత్రలు కలిపేటప్పుడు

ఎక్కువమంది వాడే టీఎల్‌డీ మాత్రలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ ఉంటాయి. టెనోఫోవిర్ కిడ్నీల మీద భారం వేసే మందు. దానికి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు రోజుల తరబడి తోడైతే కిడ్నీలు దెబ్బతినవచ్చు. పారాసిటమాల్‌తో సరిపోతుందేమో అడగండి. మెడికల్ షాపులో ‘పంటినొప్పికి ఏదైనా’ అని అడిగి తెచ్చుకోవడమే అసలు ప్రమాదం.

నొప్పి మాత్రలతోపాటు గ్యాస్‌కని యాంటాసిడ్ సిరప్ ఇస్తుంటారు. అందులోని అల్యూమినియం, మెగ్నీషియం డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. సిరప్‌కు 2 గంటల ముందు లేదా 6 గంటల తర్వాత టీఎల్‌డీ వేసుకోవాలి. రాత్రి టీఎల్‌డీ వేసుకునేవాళ్లు సిరప్‌ను పొద్దునకు మార్చుకుంటే సరి. అటజానవిర్ అనే మరో ఏఆర్‌టీ మందు వాడేవాళ్లకు పాంటోప్రజోల్ అనే గ్యాస్ మాత్ర కూడా పడదు, కాబట్టి అటజానవిర్ వాడుతున్నట్టు డాక్టరుకు ముందే చెప్పండి.

5. పన్ను తీశాక

డాక్టరు పెట్టిన గాజ్ గుడ్డను (పలుచటి కట్టు గుడ్డ) అరగంట నుంచి ముప్పావు గంట గట్టిగా కొరికి పట్టుకోండి. ఆ రోజంతా ఉమ్మకండి, స్ట్రా, సిగరెట్ వద్దు. గడ్డకట్టిన రక్తం ఊడిపోతే ఎముక బయటపడి, మూడోరోజుకు నొప్పి చెవిదాకా లాగుతుంది. కారం, వేడి అన్నం మర్నాటికి వాయిదా వేయండి. మర్నాటి నుంచి గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర టీస్పూను ఉప్పు వేసి మెల్లగా పుక్కిలించండి. ఏఆర్‌టీ మాత్ర మాత్రం ఒక్కపూట కూడా తప్పకూడదు. జ్వరం వచ్చినా, వాపు పెరిగి నోరు తెరవలేకపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.