లప్పం, టైల్స్, రంగులు: ఫినిషింగ్ పనికి వచ్చే వలంటీర్లకు ముందు జాగ్రత్తలు

గోడలు లేచాయి, స్లాబు పడింది. ఇక లప్పం (రంగుకు ముందు గోడను నున్నగా చేసే పుట్టీ), టైల్స్, రంగులు, తలుపులే మిగిలాయి. పేద కుటుంబాల కోసం ఇళ్లు కట్టేచోట వలంటీర్లను ఎక్కువగా పిలిచేది ఈ దశలోనే. బరువులు తక్కువ కాబట్టి ప్రమాదమూ తక్కువే అనిపిస్తుంది. కానీ ఒకే గదిలో ఒకరు టైలు కోస్తుంటారు, ఇంకొకరు వైరు లాగుతుంటారు, మరొకరు నిచ్చెన మీద ఉంటారు. మెట్లకు రెయిలింగ్ ఇంకా పడి ఉండదు.

అందుకే చేతికి పనిముట్టు తీసుకునే ముందు ఇల్లంతా ఒకసారి తిరిగి చూడండి. రెయిలింగ్ లేని మెట్లకు, బాల్కనీకి నడుమెత్తున పైపుతోనో గట్టి కర్రతోనో అడ్డం కట్టించండి. రంగురంగుల రిబ్బను కడితే చూడ్డానికి బాగుంటుంది గానీ, తూలి పడే మనిషిని అది ఆపదు. స్లాబులో పైపుల కోసం వదిలిన రంధ్రం మీద ప్లైవుడ్ ముక్క ఊరికే పరిచి ఉంటే మరీ ప్రమాదం. ఎవరో దాన్ని పనికొచ్చే చెక్క అనుకుని రెండు చేతులతో ఎత్తి, ఒక అడుగు ముందుకు వేస్తారు. చెక్క చేతిలోనే ఉంటుంది, కాలు మాత్రం రంధ్రంలోకి పోతుంది. అందుకని ఆ మూతను కదలకుండా బిగించి, పైన పెద్ద అక్షరాలతో ‘కింద రంధ్రం’ అని రాయాలి.

వేలాడే వైర్లలో కరెంటు లేదన్న మాట ఎలక్ట్రీషియన్ టెస్టర్ పెట్టి చూశాకే నమ్మండి. మిషన్లకు వాడే లైనులో 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉందా, దాని టెస్ట్ బటన్ నొక్కితే స్విచ్ పడిపోయి కరెంటు ఆగుతోందా అని రోజూ పొద్దున్నే చూడాలి.

గోడకు ఆనించే నిచ్చెన పైకొస నాలుగు అడుగుల ఎత్తులో ఆనితే, దాని కాళ్లు గోడకు ఒక అడుగు దూరంలో ఉండాలి. ఎత్తు పెరిగినా ఇదే లెక్క. అంతకన్నా నిలువుగా పెడితే వెనక్కి పడుతుంది, వాల్చి పెడితే కాళ్లు జారతాయి. మడత నిచ్చెన పై రెండు మెట్ల మీద నిలబడొద్దు. చెయ్యి అందకపోతే దిగి నిచ్చెన జరుపుకోండి, పక్కకు వంగొద్దు. ఖాళీ పెయింటు డబ్బాల మీద పలక వేసుకుని ఎక్కడం మాత్రం ఎవరు చేసినా ఆపించండి.

లప్పం, దాని దుమ్ము

కొత్త చేతులకు ఎక్కువగా దొరికేది లప్పం పనే, పాడయ్యేదీ అదే. సిమెంటు ఆధారిత లప్పం 40 కిలోల బస్తా ఒక్కరే ఎత్తకండి, ఇద్దరు పట్టుకోండి. కలిపేటప్పుడు ముందు నీళ్లు పోసి, అందులో పొడి వేస్తూ తిప్పాలి. తిరగేసి చేస్తే అడుగున ఉండలు కడతాయి. కిలోకు సుమారు 350 నుంచి 400 మిల్లీలీటర్ల నీళ్లు పడతాయి. బస్తా మీద వేరే లెక్క ఉంటే దాన్నే పాటించండి. రెండు గంటల్లో అయిపోయేంతే కలపాలి. గట్టిపడుతున్న లప్పంలో మళ్లీ నీళ్లు కొట్టి మెత్తగా చేస్తే పట్టు పోతుంది, కొన్నాళ్లకు రంగుతో సహా పెచ్చులుగా ఊడుతుంది. రెండు పూతలూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటొద్దు. లోతు గుంతలుంటే ముందు మేస్త్రి ప్లాస్టర్‌తో సరిచేయాలి, లప్పంతో పూడ్చకూడదు.

లప్పానికి ముందే గోడలో చెమ్మ చూడాలి. ఒకటిన్నర అడుగుల చదరపు పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అంటించి 16 గంటలు వదిలేయండి. లోపలి వైపు నీటి బొట్లు కనిపిస్తే ఆ గోడ ఇంకా ఆరాలి.

ఆరిన లప్పాన్ని ఎమరీ పేపర్‌తో రుద్దేటప్పుడు లేచే దుమ్ము సన్నగా, చాలాసేపు గాల్లోనే ఉంటుంది. జేబురుమాలు చుట్టుకుంటే సరిపోతుందనేవాళ్లు ప్రతి జట్టులోనూ ఉంటారు. అది చాలదు, ఎన్95 మాస్కు కావాలి. ముక్కు దగ్గరి తీగను నొక్కి, గట్టిగా ఊదినప్పుడు అంచుల నుంచి గాలి పోకుండా చూసుకోండి. గడ్డం ఉంటే మాస్కు అతుక్కోదు. కిటికీలు తెరిచి పెట్టండి. నేలను పొడి చీపురుతో ఊడిస్తే దిగిన దుమ్మంతా మళ్లీ లేస్తుంది, తడి గుడ్డతో తుడవాలి. ఎగుడుదిగుళ్లు కనపడాలంటే టార్చిని గోడకు ఆనించినట్టు పక్క నుంచి వేయండి. ఎదురుగా చూస్తే నున్నగా ఉన్న గోడ మీద ఆ వెలుగులో కరణె గీతలన్నీ నీడలై తేలతాయి.

తడి సిమెంటు, టైల్స్

తడి సిమెంటుకు క్షారగుణం ఎక్కువ. తగలగానే మంట పుట్టదు, అందుకే మోసపోతారు. మోకాళ్ల మీద కూర్చుని పనిచేస్తుంటే ప్యాంటు తడిసి, కొన్ని గంటల తర్వాత చర్మం కాలినట్టు తేలుతుంది. రబ్బరు చేతి తొడుగులు, నీరు దిగని మోకాలి ప్యాడ్లు వేసుకోండి. తొడుగు లోపలికి సిమెంటు నీళ్లు పోతే వెంటనే విప్పి కడగాలి. కంట్లో పడితే ధారగా మంచినీళ్లు పోస్తూ కనీసం 20 నిమిషాలు కడిగి ఆస్పత్రికి తీసుకెళ్లండి. కన్ను నలపకూడదు.

టైలు కోసే మిషన్ వలంటీరుకు ఇవ్వకపోవడమే మంచిదని మా అభిప్రాయం. నేర్పడానికి ఒక పూట చాలదు, బ్లేడు వెనక్కి తన్నడానికి క్షణం చాలు. టైలును పొడిగా కోస్తే సిలికా దుమ్ము లేస్తుంది. ఊపిరితిత్తులకు అది చేసే హాని మళ్లీ తగ్గదు. నీళ్లతో కోసే మిషన్ వాడించండి, బ్లేడు మీది గార్డు తీయనివ్వొద్దు. పరిచిన టైలును మర్నాడు నాణెంతో కొట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే అడుగున మసాలా పట్టలేదన్నట్టే. బాత్రూమ్‌లో టైల్స్‌కు ముందే వాటర్‌ప్రూఫింగ్ మీద 24 గంటలు నీళ్లు నిలిపి, కింద చెమ్మ దిగుతోందేమో చూడాలి.

తలుపులకు వార్నిష్ వేస్తే, నూనె కలిసిన గుడ్డలను కుప్పగా పడేయకండి. లిన్‌సీడ్ (అవిసె) నూనె ఉన్న గుడ్డలు నిప్పు తగలకుండానే లోలోపల వేడెక్కి అంటుకుంటాయి. బయట విడివిడిగా పరచి ఆరబెట్టండి, లేదా నీళ్లు పోసిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి.

సాయంత్రం పనిముట్లు కడిగిన నీళ్లు బాత్రూమ్ జాలీలో పోయకండి. లప్పం, గ్రౌట్ (టైల్స్ సందుల్లో నింపే ముద్ద) పైపులోనే గట్టిపడతాయి, ఆ ఇంటివాళ్లు చేరిన వారానికే నేల పగలగొట్టాల్సి వస్తుంది. జాలీలకు, కమోడ్‌కు పొద్దున్నే మూత వేసి టేపు వేయండి. కడిగిన నీళ్లు బకెట్‌లో రాత్రంతా వదిలి, అడుగున పేరుకున్న ముద్దను శిథిలాల కుప్పలో వేయండి.